అంచులు కోయని తాండ్ర

రాజమండ్రి,
12 ఆగస్టు 2007.

అత్తయ్యకి దుర్గ నమస్కారాలు.

మీరు పంపిన పద్దెనిమిది కట్టల తాండ్రా నర్సాపురం బస్సులో జాగ్రత్తగానే చేరింది. రెండు కట్టల మీద తాటాకు చాప గుర్తులు మరీ లోతుగా పడ్డాయి. చూసేవాళ్లకి అంత బాగుండదు, వచ్చే వేసవికి గుర్తుపెట్టుకోండి. ఫోన్‌లో చెబుదామంటే సగం మాటలు మీకు వినపడవు, మిగతా సగం మీరు వినిపించుకోరు. అందుకని రాస్తున్నాను.

మన ఆన్‌లైన్ షాపు పెట్టి రెండేళ్ల మూడు నెలలయింది. ఇప్పటిదాకా 214 మంది కొన్నారు. కొత్తవాళ్లు వస్తున్నారు గానీ పాతవాళ్లు కనపడడం లేదేమోనని అనుమానం వచ్చింది. వారం రోజులు కూర్చుని, ఎవరు ఎప్పుడెప్పుడు కొన్నారో తేదీలతో సహా కంప్యూటర్‌లో వేసి చూశాను. ఏడాదికోసారి కొనే మనిషి ఏడాదిపాటు రాకపోతే ఏమీ అనుకోనక్కర్లేదు. రెండు నెలలకోసారి కొనే మనిషి ఎనిమిది నెలలు రాకపోతే మానేసినట్టే. అలా వడపోస్తే 61 మంది తేలారు. మన దగ్గర ఎక్కువసార్లు కొన్నదీ వీళ్లే.

వీళ్లందరికీ ఉత్తరాలు రాయబోతున్నాను. ఈమెయిళ్లు సగం వెనక్కి వస్తున్నాయి, కాబట్టి పోస్టులోనే పంపుతాను. ఎందుకు మానేశారో అడిగి, మళ్లీ కొంటే పది శాతం తగ్గిస్తామని చెబుతాను. జాబితా జతచేశాను. మన వైపు నుంచి వెళ్లి ఊళ్లు పట్టిపోయినవాళ్లు చాలామంది ఉన్నారు. మీకు తెలిసినవాళ్లుంటే గుర్తు పెట్టి పంపండి.

ఇంకో సంగతి. వీళ్లలో కొంతమందైనా తిరిగి రాకపోతే వచ్చే వేసవికి మనం అన్ని చాపలు పరవక్కర్లేదు. బెదిరించడం లేదు, ఉన్నమాట చెబుతున్నాను.

మీ మేనకోడలు,
వెంకటదుర్గ


మొగల్తూరు,
20 ఆగస్టు.

చిరంజీవి దుర్గకి మీ మేనత్త సుబ్బాయమ్మ దీవెనలు.

చాప గుర్తులు పడని తాండ్ర కావాలంటే ప్లాస్టిక్ కాగితం మీద చేసేవాళ్లు బోలెడుమంది ఉన్నారు, వాళ్ల దగ్గర కొనుక్కోమను. చాప మీద రసం పోసి, రోజుకో పొర చొప్పున ఎండబెట్టాక చాప గుర్తు పడక నా మొహం గుర్తు పడుతుందా?

నీ జాబితా చదివాను. పక్కింటి చిన్నమ్మాయి చేత కూడా చదివించాను. దాని సంగతి నీకు తెలుసుగా, పద్దెనిమిదేళ్లుగా నాతో పాటు తాండ్ర చేస్తున్న మనిషి, ఊళ్లోవాళ్ల చుట్టరికాలన్నీ దానికే తెలుసు. ఏడుగురికి గుర్తులు పెట్టాం. కాకినాడ సాయిదుర్గ అంటే మన వీధి చివర బుల్లియ్యగారి మనవరాలే. దానికి రాసేటప్పుడు అమ్మమ్మ మోకాలు ఎలా ఉందని కూడా అడుగు, తగ్గింపు కంటే అది బాగా పనిచేస్తుంది.

అది సరే గానీ, ఉత్తరంలో 61 అన్నావు. జాబితాలో 60 పేర్లే ఉన్నాయి. రెండుసార్లు వేలు పెట్టి చూశాను. బీకాం చదివి లెక్క తప్పావా, తప్పించావా?

తప్పించావు. ఎవరినో నేనే చెబుతాను. షాపు పెట్టిన దగ్గర్నుంచి రెండు నెలలకోసారి ఫోన్ చేసి, “అత్తయ్యా, ఒక్క కట్ట మాత్రం అంచులు కోయకుండా పంపండి” అనేదానివి. కిందటేడాది చలికాలం నుంచి అనడం మానేశావు. చాప అంచున రసం పల్చగా పారి గట్టిగా ఎండుతుంది. కొనేవాళ్లు చూస్తే పాడయిందనుకుంటారని కోసేస్తాం. దాన్ని పట్టుబట్టి అడిగి, దవడలు నొప్పి పుట్టేలా నమిలే మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉంది. అది నా చెల్లెలు సూర్యకళ, మీ చిన్నత్త. ఆ కట్టలు భిలాయికే వెళ్లేవి కదూ?

నువ్వు అడగడం మానేసినా నేను ప్రతిసారీ ఒక కట్ట అంచులతోనే పంపుతున్నాను. నువ్వు చూసుకోలేదంటే నేను నమ్మను.

మిగతా అరవైమంది సంగతి నువ్వు చూసుకో. అది ఎందుకు మానేసిందో నాకు కావాలి.

సుబ్బాయమ్మ


రాజమండ్రి,
2 సెప్టెంబరు.

అత్తయ్యకి,

తప్పించాను. క్షమించండి.

ఆర్డర్లు చిన్నత్త వాళ్లాయన, అప్పాజీ మామయ్య పేరు మీద వచ్చేవి. మొదటిసారి వచ్చినప్పుడే చిన్నత్త ఫోన్ చేసి, “అక్కకి చెప్పావంటే ఇక కొనను, చూసుకో” అంది. మాటిచ్చాను. మీకు తెలిసిపోయి రెండేళ్లయిందని ఇప్పుడు తెలిసింది. ఆవిడ మీకు తెలియదనుకుంటూ తింది, మీరు తెలియనట్టు పంపారు, మధ్యలో నేను దొంగలా ఫోన్లు చేశాను. ఇద్దరికిద్దరూ సరిపోయారు.

అంచులతో వచ్చిన కట్టలు చూసుకున్నాను. నాలుగున్నాయి. అమ్మలేదు, అలమరాలో విడిగా పెట్టాను.

చిన్నత్త మొత్తం తొమ్మిదిసార్లు కొంది. చివరిది 9 అక్టోబరు 2006. ఆ తర్వాత లేదు. నా దగ్గరున్న నంబరుకి చేస్తే ఎవరో హిందీలో మాట్లాడి పెట్టేశారు. క్వార్టర్లు మారారేమో తెలియదు. అంతకు మించి నా దగ్గర ఏమీ లేదు.

మీ ఇద్దరికీ ఏం జరిగిందో నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. అప్పుడు నాకు పదేళ్లు. నాన్నని అడిగితే పేపరు తిరగేసేవారు. తెలియకుండా ఆవిడకి ఏమని రాయను? అందరికీ రాసే ఉత్తరం ఇదీ:

“మీరు మా దగ్గర తాండ్ర కొని చాలాకాలమైంది. మా వల్ల ఏదైనా పొరపాటు జరిగిందా? ఒక్క ముక్క రాస్తే దిద్దుకుంటాం. వెనక అతికించిన చీటీ మీద పది శాతం తగ్గింపు ఉంది.”

ఇదే భిలాయికి కూడా పంపనా, వద్దా? మీరు చెప్పేదాకా ఆ ఒక్కటీ ఆపుతాను.

దుర్గ


మొగల్తూరు,
11 సెప్టెంబరు.

దుర్గకి,

అడిగావు కాబట్టి చెబుతున్నాను. మళ్లీ అడగకు.

అది 1988. మార్గశిరంలో అమ్మ మంచాన పడింది. అన్నం మానేసింది, పాలు మానేసింది, మామిడిపండు కావాలంది. చలికాలంలో పండు ఎక్కణ్ణుంచి తేను? పోనీ తాండ్ర ముక్కయినా నోట్లో పెట్టమంది. ఆ ఏడాది అమ్మా నేనూ చేసిన తాండ్రంతా నేనే కట్టి భిలాయి పంపించేశాను. సూర్యకళ కడుపుతో ఉంది, దానికి పులుపూ తీపీ తినాలనుంటుందని. ఇంట్లో ముక్క మిగల్లేదు. అప్పట్లో అమ్మకానికి చేసేదాన్ని కాదు.

తాండ్ర పట్టుకుని రమ్మని టెలిగ్రాం ఇచ్చాం. అది బయలుదేరింది. దారిలో రైలు తప్పిపోయిందట, రెండు రోజులు ఆలస్యమైంది. అమ్మ పోయిన మర్నాడు వచ్చింది. వాకిట్లో ఊరంతా ఉంది. ఏడుస్తూ సంచిలోంచి పొట్లం తీసి నా చేతికిచ్చింది. నేను ఆ పొట్లాన్ని దాని కాళ్ల దగ్గర పారేసి, “ఇక నువ్వే తిను” అన్నాను.

అంతే. ఇంకొక్క మాట అనలేదు. ఆ ఒక్కటీ చాలింది. కర్మకాండ అయ్యేదాకా ఉంది, నాతో మాట్లాడకుండా వెళ్లిపోయింది. మీ అక్క పెళ్లికి కూడా రాలేదు.

పదిహేడేళ్ల తర్వాత అంచులు కోయొద్దని ఒక ఆర్డరు వస్తే, అది నా చేతి తాండ్ర అడిగి తింటోందని తెలిస్తే, నాకెలా ఉండి ఉంటుందో నువ్వే ఆలోచించుకో. ఇప్పుడు మానేసింది. కోపం మళ్లీ గుర్తొచ్చిందో, ఒంట్లో బాగాలేదో, అసలు మనిషి ఉందో లేదో.

నీ ఉత్తరం పంపు. అందరికీ పంపినట్టే పంపు. నా పేరు ఎక్కడా రాకూడదు. తగ్గింపు చీటీ కూడా అతికించు. అది లేకపోతే అనుమానపడుతుంది, దాని బుర్ర నాకు తెలుసు.

సుబ్బాయమ్మ


రాజమండ్రి,
30 అక్టోబరు.

అత్తయ్యకి,

61 ఉత్తరాలు పంపితే 23 మంది జవాబిచ్చారు. ఐదుగురు వెంటనే మళ్లీ కొన్నారు. అందులో బుల్లియ్యగారి మనవరాలు ఒకతె, మోకాలు తగ్గిందట. నలుగురు ఇళ్లు మారారు, మన అడ్రసు పోగొట్టుకున్నారు. ముగ్గురికి షుగరు వచ్చింది. వాళ్లని మనం ఏమీ చేయలేం.

మిగతా పదకొండు మందీ, ఒకరితో ఒకరికి పరిచయం లేనివాళ్లు, ఒకే మాట రాశారు. తీపి ఎక్కువైందట. చెన్నైలో గణేష్‌బాబుగారని బ్యాంకులో చేస్తారు, ఆయన రాసింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను: “మొదట్లో మీ తాండ్ర తింటే మామిడిపండు తిన్నట్టుండేది. రాను రాను పంచదార తిని పైన మామిడిపండు వాసన చూసినట్టుంటోంది. చెబితే నొచ్చుకుంటారని ఊరుకున్నాను.”

నాకు షాపులోనే రోజూ ఆ వాసనతో వెగటు పుట్టి, తినడం మానేసి చాలాకాలమైంది. కాబట్టి నా మాట పనికిరాదు. మీరు ఒకసారి రుచి చూసి చెప్పండి. తీపి తగ్గిస్తామని రాస్తే ఈ పదకొండు మందీ తిరిగొస్తారని నా నమ్మకం.

భిలాయి నుంచి ఏమీ లేదు. ఉత్తరం వెనక్కి కూడా రాలేదు.

దుర్గ


మొగల్తూరు,
8 నవంబరు.

దుర్గకి,

ఎవడా గణేష్‌బాబు? బ్యాంకులో కూర్చుని నోట్లు తడిపి లెక్కపెట్టే నాలుకతో నా తాండ్రకి వంక పెడతాడా? మొదటి పొర నుంచి చివరి పొర దాకా ఒక్క పొర నా కళ్లు తప్పి ఎండలేదు. పండ్లు అవే, చాపలు అవే, చేతులు అవే.

తీపి సంగతా? తీపి చిన్నమ్మాయి చూస్తుంది. మొదట్నుంచీ అదే చూస్తోంది. కాఫీలో రెండు చెంచాల పంచదార నుంచి నాలుగుకి వచ్చినా ఇంకా “చప్పగా తగలడింది” అనే మనిషి, తీపి గురించి దానికి తెలియంది మీ బ్యాంకుగుమాస్తాకి తెలుసా? నేను చూడక్కర్లేదు. చూడను. ఆ మాట ఇక ఎత్తకు.

అంత పెద్ద ఉత్తరంలో భిలాయి గురించి రెండే రెండు ముక్కలు రాశావు. ఉత్తరం వెనక్కి రాలేదంటే ఎవరో తీసుకున్నట్టే కదా. తీసుకున్నవాళ్లు జవాబు ఎందుకివ్వరు? నాకు భయంగా ఉంది దుర్గా. చిన్నమ్మాయితో కూడా అనలేదు, నీతో అంటున్నాను.

సుబ్బాయమ్మ


రాజమండ్రి,
19 జనవరి 2008.

అత్తయ్యకి,

చిన్నత్త కులాసాగా ఉంది. ముందు ఈ మాట చదువుకోండి, మిగతాది నెమ్మదిగా చదవండి.

నిన్న భిలాయి నుంచి జవాబు వచ్చింది. క్వార్టర్లు మారారట, మన ఉత్తరం పాత ఇంట్లో ఇన్నాళ్లూ ఉండిపోయి ఈమధ్యే చేతికందిందట. నా పేరున కాదు, “షాపువారికి” అని రాసింది. నకలు ఇది:

“షాపువారికి నమస్కారం. మీ వల్ల పొరపాటేమీ లేదు. తీపి కాస్త ఎక్కువైన మాట నిజమే గానీ నేను మానేసింది అందుకు కాదు. ముందటేడాది కార్తీకంలో మేము కాశీ వెళ్లాం. అక్కడ ఏదో ఒక పండు, కాయ వదలాలి కదా. మాతో వచ్చినవాళ్లు వాక్కాయ ఒకరు, కాకరకాయ ఒకరు, అసలు ఎప్పుడూ తిననివి చూసుకుని వదిలారు. మా ఆయన నన్నూ అలాగే చేయమన్నారు. నేను మా అమ్మ పేరు చెప్పి మామిడి వదిలాను. ఇక పండు, కాయ, తాండ్ర ఏదీ ముట్టను. మీ షాపుతో నాకు పని లేదు కాబట్టి జాబితాలోంచి పేరు కొట్టేయండి. తగ్గింపు చీటీ వాడలేదు, తిప్పి పంపుతున్నాను. వేరేవాళ్లకి పనికొస్తుంది.”

తగ్గింపు చీటీ నిజంగానే మడతపెట్టి పంపింది.

కొట్టేయమన్నవాళ్ల పేరు కొట్టేయాలి, అది షాపు పద్ధతి. ఇంకా కొట్టలేదు. ఏం చేయమంటారు?

దుర్గ


మొగల్తూరు,
27 జనవరి.

దుర్గకి,

కులాసాగా ఉందన్నావు. ఆ ముక్క దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. అది చాలు నాకు.

కాదు, చాలదు. గోదావరి గట్టు మీద పుట్టిన మనిషి ఎవరైనా మామిడి వదులుతారా? చిన్నప్పుడు టెంక చీకి చీకి తెల్లబడేదాకా వదిలేది కాదు అది. తాండ్ర తీసిన రోజున అంచులన్నీ ఒళ్లో పోసుకుని కూర్చునేది. నాకొకటివ్వవే అంటే, “నువ్వు పెద్దదానివి కదా, మధ్యది తిను” అనేది. ఒక్క అంచు నా వాటాకి వచ్చిన పాపాన పోలేదు. అలాంటిది గంగలో నిలబడి మామిడి వదిలిందంటే, నేనన్న మాట దానికి ఎంత లోపలికి దిగి ఉండాలి?

నీకో సంగతి చెబుతాను. ఆ వేళ అందరూ వెళ్లాక వాకిట్లో పడ్డ ఆ తాండ్ర ఏరుకున్నాను. మట్టి కొట్టుకుపోయింది. పెరట్లో గొయ్యి తీసి పాతేశాను. అమ్మ అడిగింది అమ్మ నోట్లోకి పోలేదు, ఇక నా నోట్లోకి మాత్రం ఎందుకనుకున్నాను. ఆ రోజు నుంచి నేనూ తినలేదు. పండు లేదు, ఆవకాయ లేదు, తాండ్ర లేదు. కాశీ వెళ్లలేదు, గంగలో మునగలేదు, ఎవరికీ చెప్పలేదు. ప్రతి వేసవీ చాపలకి చాపలు ఎండబెట్టాను గానీ ఒక్క ముక్క నాలుక మీద పెట్టుకోలేదు. తీపి చిన్నమ్మాయి ఎందుకు చూస్తుందో ఇప్పుడు తెలిసిందా? నేను చెప్పకపోయినా, పక్కనుండి చూసి ఈ సంగతి కనిపెట్టింది అదొక్కతే.

రైలు తప్పిపోతే అది మాత్రం ఏం చేస్తుంది? నాకు ఆ రోజే తెలుసు దాని తప్పు లేదని. ఇంట్లో ముక్క ఉంచుకోకుండా పంపింది నేను. నా మీద నాకొచ్చిన కోపం దాని మీద పారేశాను. ఈ మాట ఇన్నేళ్లకి కాగితం మీద పెడుతున్నాను.

ఇదేదీ దానికి రాయకు. జాలి కోసం రాశాననుకుంటుంది. ఇది చదివి చింపెయ్. పేరు మాత్రం కొట్టకు.

సుబ్బాయమ్మ


రాజమండ్రి,
5 మార్చి.

అత్తయ్యకి,

చింపలేదు. కింద షాపులో జిరాక్సు తీయించి, మన షాపు కవరులో పెట్టి భిలాయి పంపాను. మీరు ఎంత తిట్టినా పడతాను, ముందు ఇది చూడండి. నిన్న సాయంత్రం నాలుగింటికి వెబ్‌సైట్‌లో వచ్చిన ఆర్డరు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

కొన్నవారు: కె. సూర్యకళ, భిలాయి.
సరుకు: మామిడి తాండ్ర, ఒక కట్ట. అంచులు కోయవద్దు.
పంపవలసిన చిరునామా: సుబ్బాయమ్మ గారు, మొగల్తూరు, పశ్చిమ గోదావరి జిల్లా.
సరుకుతో పాటు పెట్టవలసిన చీటీ: “నేను గంగలో వదిలాను, ఇక నాకు కుదరదు. నువ్వు వదిలింది మన పెరట్లోనే కదా. ఇక నువ్వే తిను అక్కా.”

ఇన్నాళ్లూ మామయ్య పేరుతో కొన్న మనిషి మొదటిసారి తన పేరుతో కొంది. అలమరాలో ఉన్న అంచుల కట్టల్లో కొత్తది చూసి ఈ పెట్టెలో పెట్టాను. మీ సరుకే మీకు పంపుతున్నాను. షాపు పద్ధతి ప్రకారం రసీదు మీద సంతకం చేసి వెనక్కి పంపించండి.

దుర్గ


మొగల్తూరు,
14 మార్చి.

దుర్గకి,

రసీదు మీద సంతకం పెట్టాను, జతచేశాను. నిన్ను తిట్టే పని తర్వాత పెట్టుకుంటాను. నా ఉత్తరం జిరాక్సు తీసినవాడు చదివాడేమో కనుక్కో.

పెట్టె వచ్చి మూడు రోజులు బల్ల మీదే ఉంది. నాలుగో రోజు పొద్దున్న స్నానం చేసి, చిన్నమ్మాయిని ఎదురుగా కూర్చోబెట్టుకుని విప్పాను. ముందు అంచు విరిచాను. అరవై ఏళ్లకి నా వాటాకి వచ్చిన మొదటి అంచు.

నోట్లో పెట్టుకుంటే ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదే! ఒళ్లు మండిపోయింది. ఇదేం తాండ్రే తల్లీ, పంచదార దిమ్మ! మామిడిపండు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. “ఏమే చిన్నమ్మాయ్, ఇదా నువ్వు చూసే తీపి?” అంటే, “బానే ఉందిగా అప్పా, ఇంకాస్త పడినా బాగుండేది” అంటుంది. దీన్నా నేను ఊళ్లమ్మట పంపించాను? గణేష్‌బాబుగారు చాలా మర్యాదగా రాశారు. ఆయన్ని అన్న మాటలన్నీ వెనక్కి తీసుకున్నాను.

రెండో ముక్క తిన్నాక ఏడ్చాను. ఎలాగూ అడుగుతావని రాస్తున్నాను. చిన్నమ్మాయి కూడా ఏడ్చింది, అది నేను తిట్టినందుకు.

ఆ పదకొండు మందికీ ఇవాళే రాయి. ఈ వేసవి తాండ్రకి తీపి నేనే చూస్తాను, మొదటి కట్ట ఊరికే పంపుతాం, నచ్చితేనే కొనమను. ఇంకో పెట్టె పంపుతున్నాను, అందులో ఊరమిరపకాయలున్నాయి. షాపుకి కాదు, భిలాయికి. మిరపకాయలు వదల్లేదు కదా అది. పైన చిరునామా నేనే రాశాను, నువ్వు తిరగరాయకు, నా దస్తూరీ దానికి తెలుసు.

ఇంకొక్క పని ఉంది. నీ జాబితాలో మానేసినవాళ్లు అరవై ఒక్కరన్నావు. అది తప్పు. అరవై రెండో పేరు సుబ్బాయమ్మ, మొగల్తూరు అని రాసుకో. పందొమ్మిదేళ్లు రాలేదు. పక్కనే తిరిగొచ్చిందని కూడా రాయి.

మీ అత్త,
సుబ్బాయమ్మ